టమాటా మొక్కల మీద అమ్మ చీరలు

చచ్చిపోయిన మా అమ్మంటే నాకు భయం వేసేది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. రాస్తే అమ్మ చదువుతుందేమోనని చిన్నప్పుడు అనిపించేది, పెద్దయ్యాక రాయడానికి సిగ్గేసింది. బతికున్న అమ్మంటే ఏ భయమూ లేదు. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని గంటల తరబడి పుస్తకం చదువుకునేదాన్ని. పోయిన తర్వాత మాత్రం ఆ ఇంట్లో ఏ గది తలుపు తీయాలన్నా ముందు ఒకసారి దగ్గేదాన్ని. లోపల ఉంటే వెళ్ళిపోతుందని.

నిన్న సాయంత్రం ఫోన్‌లో ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చింది, రాత్రికి మొక్కల్ని చంపే మంచు పేరుకుంటుందని. కెనడాలో, విన్నిపెగ్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి వెనక, మెట్ల పక్కన రెండు కుండీల్లో టమాటాలు పెంచుతున్నాను. ఇంటివాళ్ళను పాత దుప్పటి అడగడానికి మొహమాటపడి నా చున్నీ ఒకటి తీసుకెళ్ళి కప్పాను. కప్పుతుంటే ఆకులు చేతికి రాసుకుని ఆ వాసన వచ్చింది. టమాటా కాయకి ఆ వాసన ఉండదు, ఆకుకీ కాడకీ ఉంటుంది. పచ్చిగా, ఘాటుగా, కొంచెం తుప్పు పట్టిన ఇనుములా. సబ్బుతో కడుక్కున్నా గోళ్ళ కింద ఆకుపచ్చ మరక మిగిలింది. మా అమ్మ గోళ్ళు వేసవంతా అలాగే ఉండేవి. లోపలికి వెళ్ళబుద్ధి కాక మెట్టు మీద కూర్చుండిపోయాను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. సస్కటూన్‌లో ఉండేవాళ్ళం. నాన్న వ్యవసాయ యంత్రాలు తయారుచేసే చోట ఇంజనీరు. అమ్మ ఊరి చివర ఒక మొక్కల నర్సరీలో పనిచేసేది. మా ఇంటి వెనక, ఎండ పడే కంచె వెంబడి టమాటాలు వేసేది. ఇంటి ముందు మాత్రం అందరిలా పచ్చిక పెంచలేదు. దాన్ని తవ్వించేసి, ఆ నేలలో ఎవరూ నాటకముందు నుంచే పెరుగుతున్న మొక్కలు తెచ్చి పెట్టింది. ఊదారంగు కుచ్చులు పూసే బెర్గమాట్, నలిపితే కర్పూరంలా గుప్పుమనే వెండిరంగు సేజ్, నడుమ ఎర్రగా ఉండే పసుపు పూల గెయిలార్డియా. వాటికి నీళ్ళు పోయనక్కర్లేదు, మందులక్కర్లేదు. "ఇది వాటి పుట్టిల్లు, మనమే అద్దెకొచ్చాం" అనేది.

టమాటాలు అలా కాదు. వాటికి అక్కడ దొరికే కాలం చాలా తక్కువ. జూన్ వచ్చేదాకా బయట పెట్టలేం, సెప్టెంబరు వస్తే ఎప్పుడు పోతాయో తెలియదు. అమ్మ దాన్ని తన లెక్కలోనే చెప్పేది. ఉగాది వెళ్ళాక బేస్‌మెంట్‌లో లైటు కింద విత్తనాలు వేసేది. మృగశిర కార్తె వచ్చాక బయట నాటేది. వినాయక చవితి దగ్గర పడుతుంటే రోజూ సాయంత్రం ఆకాశం వంక చూసేది. వానల కోసం పెట్టుకున్న కార్తెలు ఇక్కడి చలికి సరిపోయాయని నవ్వుకునేది.

ఆ ఫిబ్రవరిలో అమ్మ పోయింది. ఏడాదిగా జబ్బు. అమ్మమ్మకి వీసా వచ్చేసరికి అంతా అయిపోయింది.

అమ్మ పోయాక కూడా ఇంట్లో ఆమె మొదలుపెట్టిన పనులు ఆగలేదు. అదే నన్ను భయపెట్టింది. మిరప విత్తనాలు వేద్దామని జనవరిలో బేస్‌మెంట్‌లో లైటుకి టైమర్ బిగించింది. విత్తనాలు వేయలేకపోయింది. ఆ లైటు మాత్రం రోజూ పొద్దున్న ఆరింటికి దానంతటదే వెలిగేది. బయట ఇంకా చీకటిగా ఉండేది. బేస్‌మెంట్ తలుపు కింద నుంచి తెల్లటి వెలుతురు గీతలా బయటికి వచ్చేది, కింద ఎవరో లేచి పని చేసుకుంటున్నట్టు. గరాజ్ దారిలో కొక్కేనికి అమ్మ తోట జాకెట్ వేలాడుతూ ఉండేది, భుజాల వంపు పోకుండా. దాని జేబుల్లో చేతి తొడుగులు. మట్టి ఎండి వాటి వేళ్ళు ఏదో పట్టుకున్నట్టు వంగే ఉండేవి. నాన్న ఏదీ తీయలేదు. ఉగాది వెళ్ళిన ఆదివారం కిందికి వెళ్ళి, ఆ లైటు కింది ఖాళీ ట్రేలలో మట్టి నింపి, అమ్మ ఏటా దాచే టమాటా విత్తనాలు వేశాడు. అంతకు ముందు నాన్న ఒక్క మొక్కకి నీళ్ళు పోసిన గుర్తు నాకు లేదు.

ఏప్రిల్‌లో అమ్మమ్మ వచ్చింది. గోదావరి పక్క ఊరు మనిషి, కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కోవడం అదే మొదటిసారి. కారులో నా చెయ్యి వదల్లేదు. ఇంట్లో అడుగుపెట్టగానే నా చెవిలో, "మీ అమ్మ ఎక్కడ పడుకునేదే?" అంది. చూపించాను. మంచం అంచున కూర్చుని దిండు ఎత్తి మొహానికి ఆనించుకుంది. సూట్‌కేసులు మోసుకొచ్చిన నాన్న గుమ్మం దగ్గర ఆగి, చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

రెండోరోజు పొద్దున నేను కిటికీలోంచి చూస్తే ఇంటి ముందు అమ్మ ఉంది. వంగుని పని చేస్తోంది. దగ్గాను. ఇటు తిరిగితే అమ్మమ్మ. చలికి అమ్మ జాకెట్ తొడుక్కుని బయటికి వెళ్ళింది.

అమ్మ తన ముందు తోటని శీతాకాలానికి కోసేది కాదు. నడుమెత్తు ఎండుపుల్లలు మంచులో అలాగే నిలబడి ఉండేవి. అమ్మమ్మ వాటిని విరిచి, పీకి, కుప్ప వేస్తోంది.

"చచ్చిన ఇంటి ముందు చచ్చిన మొక్కలేవిటే? చూసేవాళ్ళేమనుకుంటారు?"

ఇంతలో పక్కింటి ముసలావిడ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆవిడా అమ్మా స్నేహితులు, ఆ మొక్కల్లో సగం విత్తనాలు ఆవిడ ఇచ్చినవే. "నో, నో, నో" అంటూ, ఎందుకో ఇంగ్లీషులో గబగబా చెబుతూ ఒక పుల్ల కొస పట్టుకుంది.

"చూడవే, పాపం, సాయం చేస్తానంటోంది" అని అమ్మమ్మ రెండో కొస పట్టుకుని లాగింది. ఆవిడ వదల్లేదు. అమ్మమ్మా వదల్లేదు. ఇద్దరూ మధ్యలో నావైపు చూశారు. స్కూల్లో పేరు అడిగితేనే నాకు గొంతు పెగిలేది కాదు.

"అమ్మమ్మా, ఆ పుల్లల్లో తేనెటీగలు పడుకుని ఉంటాయట. ఎండలు ముదిరేదాకా పీకకూడదట."

"తేనెటీగలు పుల్లల్లో పడుకోవడమేవిటి? తుట్టె కట్టుకోవూ?"

"ఇవి కట్టుకోవట."

"ఇదేం దేశమే తల్లీ, ఈగలకి కూడా కొంప లేదు!" అని అమ్మమ్మ పుల్ల వదిలేసింది. అప్పటికే ముప్పాతిక తోట కుప్పలో ఉంది.

ఎలాగూ వాకిలి శుభ్రమైంది కదా అని, ఏడాది తిరగని ఇల్లు కాబట్టి ముగ్గు వేయకుండా, నీళ్ళు మాత్రం బకెట్‌తో తెచ్చి కళ్ళాపి చల్లింది. సాయంత్రానికి అదంతా అద్దంలా గడ్డకట్టింది. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న రెండడుగులు వేసి దభీమని కూలబడ్డాడు. లంచ్ డబ్బా జారుకుంటూ వీధిలోకి పోయింది. గుమ్మంలోంచి అమ్మమ్మ నన్ను ముందుకి నెట్టింది.

"దెబ్బ తగిలిందేమో అడగవే."

"నాన్నా, దెబ్బ తగిలిందా?"

"లేదని చెప్పమ్మా."

కానీ లేవలేదు. కింద కూర్చుని మోడైపోయిన ముందు తోట వంక చూస్తున్నాడు. అలా ఎంతసేపు చూశాడో. కోప్పడి ఉంటే బాగుండేది.

మా అమ్మమ్మ తరంలో అత్తగారు అల్లుడి ఎదురుగా నిలబడి మాట్లాడదు. తలుపు చాటు నుంచో, పిల్లల చేతో చెప్పిస్తుంది. ఆ పద్ధతి వెనక ఆ ఏడు కోపం కూడా దాక్కుంది. తన కూతుర్ని ఈ చలిలోకి తెచ్చినవాడు నాన్నే కదా. అందుకని ఆ వేసవంతా వాళ్ళిద్దరి మాటలూ నాలోంచే నడిచాయి.

"మీ నాన్నకి చెప్పు, వంకాయ కూర చల్లారిపోతోందని."

"నాన్నా, వంకాయ కూర..."

"విన్నానమ్మా. వస్తున్నానని చెప్పు."

"వస్తున్నాడట."

"వినపడింది."

అలా నడిచిన మాటల్లోనే ఒకరోజు అసలు మాట వచ్చింది. నేను భోజనాల బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్నాను. నాన్న సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాడు. అమ్మమ్మ పప్పు ఏరుతూ తల ఎత్తకుండా అంది.

"మీ నాన్నకి చెప్పు, పిల్లని నాతో పంపించమని. ఆడపిల్ల, పెద్దదవుతోంది. ఈ ఒంటి కొంపలో దానికి జడ వేసే దిక్కు కూడా లేదు. నా దగ్గరుంటే నా కళ్ళ ముందు ఉంటుంది."

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. నాన్నకి అంతా వినపడింది. అయినా నేను చెప్తానేమోనని అటు తిరిగే ఆగాడు. నేను హోంవర్కు మీదికి ఇంకా వంగాను.

"దాని ఇష్టమని చెప్పమ్మా" అన్నాడు చివరికి. "నేను ఉండమనను, వెళ్ళమనను."

తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. "అమ్మమ్మ సెప్టెంబరు ఆఖరుకి వెళ్తుంది. నువ్వు బాగా ఆలోచించుకో. ఫ్రాస్ట్ వచ్చేలోపు చెప్పు తల్లీ. నీ టికెట్ కూడా చూడాలి కదా."

అలా నా జవాబుకి గడువు టమాటా మొక్కల గడువే అయింది.

మే నెలలో అమ్మమ్మ ఫ్రిజ్ కడగడానికి అన్నీ బయట పెట్టింది. ఇడ్లీ పిండి గిన్నె వెనక ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. నాన్నా నేనూ దాన్ని ముట్టుకోకుండా దాని చుట్టూ పాలూ పెరుగూ సర్దుకుంటూ వచ్చాం.

"ఫ్రిజ్‌లో మట్టి దాచుకున్నారేవిటే?"

"అది అమ్మ పెట్టింది" అన్నాను వెనక్కి జరుగుతూ. అక్కడి అడవి మొక్కల విత్తనాలు ఒక శీతాకాలం అనుభవిస్తే గానీ మొలకెత్తవు. అందుకని అమ్మ వాటిని తడి ఇసకలో కలిపి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచేది. ఆసుపత్రికి వెళ్ళేముందు ఆఖరుగా చేసిన పని అదే.

అమ్మమ్మ మూత తీసింది. ఇసకంతా తెల్లటి సన్నటి మొలకలు, దారప్పోగుల్లా, మెలికలు తిరిగి, అన్నీ ఒకవైపే వంగి ఉన్నాయి. ఆ చీకట్లో, ఆ చలిలో, ఎవరూ చూడకుండా. నేను కేకవేసి మెట్ల మీదికి పరుగెత్తాను. అక్కణ్ణుంచి కమ్మీల సందులోంచి చూశాను. అమ్మమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. వేలి కొసతో మొలకల్ని నిమిరింది.

"కళ్ళు మూసుకునే మొలిచాయి చూడవే" అంది. కాసేపటికి, "వీటిని ఎక్కడ పెట్టేదే మీ అమ్మ?"

"ఐ డోంట్ నో."

"ఆ డోంట్‌నోలు నాకొద్దు. పెట్టాల్సింది నువ్వూ నేనే. దిగి రా."

ఆ రోజు అమ్మమ్మ కొంగు పట్టుకుని, ఆ మొలకల్ని లైటు కింద పెట్టడానికి, అమ్మ పోయాక మొదటిసారి బేస్‌మెంట్‌లోకి దిగాను. లైటు వెలుగుతోంది. నాన్న వేసిన టమాటా మొక్కలు అప్పటికే జానెడు పెరిగాయి. గదంతా ఆ వాసనే. నేను అమ్మమ్మ కొంగు వదల్లేదు.

మృగశిర కార్తె వచ్చిన వారంలో టమాటాలు బయట నాటాం. అదే వారంలో ముందు తోటలో పీకేసిన చోటల్లా కొత్త చిగుళ్ళు వచ్చాయి. బెర్గమాట్, సేజ్, అన్నీ. ఆ మొక్కల వేళ్ళు మనిషి లోతుకి పోతాయని, పైన ఏం చేసినా వాటికి లెక్కలేదని పక్కింటావిడ చెప్పింది. అమ్మమ్మ వాటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చుంది.

"మీ నాన్నకి చెప్పు, మళ్ళీ వచ్చాయని."

"చూశాను" అన్నాడు నాన్న. కొంచెం ఆగి, "రోజూ పొద్దున్నే చూస్తున్నానని చెప్పు" అన్నాడు.

వాళ్ళిద్దరికీ అది ఊరట. నాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. పీకేసినవి తిరిగి వచ్చాయంటే ఇంక ఎవరైనా రావచ్చు. ఆ రోజు నుంచి తలుపుల దగ్గర రెండుసార్లు దగ్గడం మొదలుపెట్టాను.

భయం లేని రోజులు కూడా ఉన్నాయి, అవన్నీ ఇంటి బయటే. జూలైలో లైబ్రరీ ముందు పొదలకి సస్కటూన్ పళ్ళు నల్లగా గుత్తులు గుత్తులుగా వచ్చాయి. ఊరి పేరే ఆ పండు పేరు. అమ్మమ్మ వాటిని బుల్లి నేరేళ్ళు అనేది. నేను పుస్తకాలు మార్చుకుని వచ్చేసరికి కొంగు నిండా కోసేసింది. కుక్కని తిప్పుతున్న ఒకాయన అటు రాగానే కొంగు మూసేసి, మోకాలు పట్టుకుని, "అబ్బా" అని మూలుగుతూ అక్కడే కూలబడింది. ఆయన కంగారుపడి అంబులెన్స్‌ని పిలవనా అన్నాడు.

"ఏవంటాడే?"

"డాక్టర్ని పిలుస్తాడట."

"వద్దని చెప్పు, వద్దని చెప్పు. నాకిది రోజూ వచ్చేదేనని చెప్పు."

ఆయన పాపం పార్కు బెంచీ దాకా నడిపించి మరీ వెళ్ళాడు. నవ్వి నవ్వి నాకు ఎక్కిళ్ళు వచ్చాయి. సాయంత్రం అన్నం దగ్గర మా ఇద్దరి నాలుకలూ ఊదారంగులో ఉన్నాయి. నాన్న చూశాడు.

"లైబ్రరీ ముందువా?"

ఇద్దరం గబుక్కున నోళ్ళు మూసేశాం.

"మీ అమ్మ కూడా అక్కడే కోసేది" అని చెయ్యి చాపాడు. అమ్మమ్మ పళ్ళ గిన్నె నావైపు జరిపింది. నేను నాన్న వైపు జరిపాను.

టమాటా కొమ్మల పక్క చిగుళ్ళు గిల్లుతూ అమ్మమ్మ నాకు అమ్మ కథలు చెప్పేది. అమ్మ ఎనిమిదో తరగతిలో ఉండగా మేకపిల్లని గదిలో దాచిన కథ, జామచెట్టు మీద నిద్రపోయిన కథ. అమ్మ పక్క గదిలో ఉన్నట్టే చెప్పేది. "దానికి ఉల్లిపాయ గిట్టదు" అనేది, "గిట్టేది కాదు" అనేది కాదు. ఒక్కోసారి నన్ను అమ్మ పేరు పెట్టి పిలిచేది. దిద్దుకునేది కాదు.

ఆగస్టులో కాయలు రంగు తిరగడం మొదలయ్యేసరికి నేను మనసులో నిశ్చయించుకున్నాను. అమ్మమ్మతో వెళ్ళిపోతాను. అమ్మమ్మ ఇంట్లో అమ్మ చిన్నపిల్ల. జడలు వేసుకుని జామచెట్టు ఎక్కుతుంది. అక్కడ ఆమె చచ్చిపోలేదు. అక్కడ పొద్దున్న ఆరింటికి ఏ లైటూ వెలగదు.

నాన్నకి చెప్పాలి. రోజూ భోజనం దగ్గర చెబుదామనుకునేదాన్ని. నేను నోరు తెరవగానే నాన్న, ఏం కావాలో తనకి తెలిసినట్టు, పెరుగు గిన్నె నా ముందుకి జరిపేవాడు. నేను పెరుగు వేసుకునేదాన్ని.

ఆ ఏడు వినాయక చవితి మాకు లేదు. కానీ చలి చెప్పినట్టే వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకాశంలో ఒక్క మబ్బు లేకుండా నీలంగా మెరిసిపోయింది. అలాంటి రోజు వెనకే ఫ్రాస్ట్ వస్తుంది. గాలిలో చెమ్మ ఆకుల మీద ఉప్పులా పేరుకుంటుంది, ఎండ తగలగానే ఆకులు ఉడికించినట్టు నల్లబడి వేలాడిపోతాయి. కొమ్మల నిండా ఇంకా పచ్చికాయలే. అమ్మమ్మ బియ్యం సంచుల ప్లాస్టిక్ కవర్లన్నీ తెచ్చి మొక్కలకి తొడిగింది. మర్నాడు కవరు ఆనిన ప్రతి ఆకూ నల్లబడింది.

"అత్తయ్య గారికి చెప్పమ్మా, ప్లాస్టిక్ చలిని ఆపదని. గుడ్డయితే ఆపుతుంది."

ఆ సాయంత్రం ఇంట్లో దుప్పట్లన్నీ సగం మొక్కలకే సరిపోయాయి. పొద్దు వాలుతోంది. చేతులు చల్లబడుతున్నాయి. అందరికంటే నాకే తొందర. ఆ మొక్కలు బతికున్నన్నాళ్ళూ నేను జవాబు చెప్పక్కర్లేదు. అప్పుడు అమ్మమ్మ లోపలికి వెళ్ళి, తనతో తీసుకుపోవడానికి సర్దుకున్న అమ్మ చీరల సూట్‌కేసు ఈడ్చుకొచ్చి గడ్డిలోనే తెరిచింది.

నాన్న ఒక అడుగు ముందుకి వేశాడు. "అవి వద్దని చెప్పమ్మా."

"మీ నాన్నకి చెప్పు, మొక్కలు కూడా పోయాక చీరలు ఎవరికి కప్పుతామని."

నాన్న చీర రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని, మొక్కలకి ఊతంగా పాతిన కర్రల మీదుగా కప్పి, అంచులకి రాళ్ళు పెట్టుకుంటూ వెళ్ళారు. అన్నీ నూలు చీరలు. ఆకుపచ్చ గళ్ళది అమ్మ ఆదివారాలు కట్టుకునేది. మామిడిపండు రంగుది నాకు జ్వరం వస్తే కట్టుకునేది, మెత్తగా ఉంటుందని. వెలుగు తగ్గేసరికి కంచె వెంబడి వరసగా ముసుగులు వేసుకున్న ఆడవాళ్ళు మోకాళ్ళ మీద తలలు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

వారం రోజులు అలా నడిచింది. సాయంత్రం కప్పడం, పొద్దెక్కాక తీయడం. తర్వాత ఒకరోజు తెల్లవారుతుండగా మెలకువ వచ్చి, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. వంటింటి గాజు తలుపులోంచి పెరడు కనపడుతుంది. గడ్డి తెల్లగా ఉంది. చీరలు బిగుసుకుని తెల్లటి పొడి పట్టి ఉన్నాయి. ఆ వరస చివర, మొక్క లేని చోట, మామిడిపండు రంగు చీర ముసుగు వేసుకుని ఒక మనిషి కూర్చుని ఉంది.

తల వంచుకుని ఉంది. భుజాలు మెల్లగా కదులుతున్నాయి.

నాకు దగ్గాలని గుర్తొచ్చింది. దగ్గు రాలేదు. వచ్చేసింది, చివరికి వచ్చేసింది, నన్ను వెళ్ళనివ్వదు అనుకున్నాను. గాజు మీద నా ఊపిరి పొగలా పరచుకుంటే చెరిపి మళ్ళీ చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. అంత భయంలోనూ, ఇది చెప్పడం కష్టం, ఒక్క క్షణం నాకు అంతులేని సంతోషం కలిగింది.

ముసుగు జారింది. నాన్న. బోర్లించిన బకెట్ మీద, మంచు బూట్లతో. చీర కొంగు రెండు చేతులతో మొహానికి అదుముకుని ఏడుస్తున్నాడు. ఫిబ్రవరి నుంచి అంతవరకు నాన్న ఏడవడం నేను చూడలేదు. మధ్యలో తల ఎత్తి ఇంటి మూల వైపు, ముందు తోట నుంచి దారి వచ్చే వైపు, చూస్తున్నాడు. మళ్ళీ తల దించుకుంటున్నాడు. ఎవరైనా వస్తారేమో చూసేవాళ్ళు అలా చూస్తారు. ఏది వస్తుందోనని నేను ఇన్నాళ్ళూ తలుపుల దగ్గర దగ్గుతున్నానో, దాని కోసమే మా నాన్న చలిలో కూర్చుని ఎదురు చూస్తున్నాడు.

నా భుజం మీద చెయ్యి పడింది. అమ్మమ్మ. ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. నన్ను పక్కకి జరిపి గాజు తలుపు లాగింది. చలి లోపలికి కొట్టింది.

"అల్లుడుగారూ" అంది. "లోపలికి రండి. జలుబు చేస్తుంది. కాఫీ పెడుతున్నాను."

నాన్న గబుక్కున లేచాడు. చీర ఏం చేయాలో తెలియక మడత పెట్టబోయాడు. చివరికి అలాగే చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆ పొద్దున ముగ్గురం వంటింట్లో నిలబడే కాఫీ తాగాం. నాకు కూడా ఇచ్చారు, పాలు ఎక్కువ పోసి. ఎవరి మాటా నేను మోయక్కర్లేకపోయింది.

ఆ వారాంతంలో ఏ గుడ్డా ఆపలేనంత చలి వస్తుందన్నారు. నాన్న మొక్కల్ని వేళ్ళతో సహా లాగేశాడు. బుట్టలకొద్దీ పచ్చికాయలు. సగం అమ్మమ్మ పచ్చడి చేసింది. పోపు ఘాటుకి పక్కింటావిడ కిటికీ తెరిచి తుమ్మింది. మిగతావి బేస్‌మెంట్‌లో పెట్టాలి. ఒక్కో కాయా పాత పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పేరిస్తే చీకట్లో మెల్లగా పండుతాయి. అమ్మమ్మా నేనూ నేల మీద ఎదురెదురుగా కూర్చుని చుడుతున్నాం. నాన్న పైన ఉన్నాడు.

"ఇవి ఎప్పటికి పండుతాయే?" అంది అమ్మమ్మ.

"కొన్ని క్రిస్మస్ దాకా ఉంటాయి."

"అప్పటికి మనం..." అని ఆగింది.

నేను చేతిలో కాయ చుట్టడం పూర్తిచేశాను. "అప్పటికి నువ్వుండవు కదా అమ్మమ్మా. నేను చూసుకుంటాను."

అమ్మమ్మ చెయ్యి ఆగింది. పేపరు చప్పుడు ఆగింది. నేను తల ఎత్తలేదు. చాలాసేపటికి మళ్ళీ పేపరు చప్పుడు వినపడింది.

"రెండ్రోజులకోసారి తీసి చూడు" అంది. "ఒకటి కుళ్ళితే వెంటనే తీసెయ్యి. పక్కవాటికి అంటుకుంటుంది."

"ఊఁ."

"మీ నాన్నకి నేను చెప్తాలే."

చెప్పింది. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ పెరట్లో ఖాళీ మడి దగ్గర నిలబడి మాట్లాడుకోవడం కిటికీలోంచి చూశాను. ఏమన్నారో వినపడలేదు. నాన్న తల వంచుకుని రెండు చేతులూ జోడించాడు. అమ్మమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత చీరలన్నీ మడతపెట్టి సూట్‌కేసులో సర్దుకుంది. అంచులకి మట్టి, అక్కడక్కడా ఆకుపచ్చ మరకలు. ఉతికి ఇస్తానని నాన్న అంటే ఉతకొద్దంది.

నా భయం ఒక్కరోజులో పోలేదు. ఆ చలికాలం టమాటాలు చూడటానికి ఒక్కదాన్నే బేస్‌మెంట్‌లోకి దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగేదాన్ని. పేపరు విప్పి చూస్తే చేతిలో ఎర్రగా, చల్లగా ఒక పండు. ఎప్పుడు పండిందో ఎవరూ చూడలేదు. నాన్నకి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. ఇప్పటికీ తలుపు తీసేముందు దగ్గుతాను. ఇప్పుడది ఎందుకో చెప్పలేను. లోపల ఉంటే వెళ్ళిపోతుందని మాత్రం కాదు.

అమ్మమ్మ వెళ్ళాక ఫోన్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. తిన్నావా, చదువుతున్నావా, అక్కడ చలి ఎలా ఉంది. మాకు వెళ్ళడం కుదరలేదు, ఆమెకి మళ్ళీ రావడం కుదరలేదు. రెండేళ్ళ కిందట పోయింది. కాబట్టి ఎదురుగా నిలబడి, నా మొహం చూసి ఆమె నాతో అన్న ఆఖరి మాట ఎయిర్‌పోర్టులో అన్నదే.

నాన్న కొంచెం దూరంలో సూట్‌కేసుకి తాడు కడుతున్నాడు. అంతవరకు బాగానే ఉన్న నేను ఉన్నట్టుండి అమ్మమ్మ నడుము పట్టుకుని ఏడ్చేశాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆమె స్వెటర్ తడిసిపోయింది. అమ్మమ్మ కూడా ఏడుస్తుందనుకున్నాను, నన్ను గట్టిగా హత్తుకుంటుందనుకున్నాను. ఆమె నా రెండు భుజాలూ పట్టుకుని నన్ను తన నుంచి విడదీసింది. కొంగుతో నా కళ్ళూ ముక్కూ గట్టిగా, నొప్పి పుట్టేలా తుడిచింది. నాన్న ఇటు తిరగకముందే, వంగి, నాకొక్కదానికే వినపడేలా అంది.

"ఊరుకో. నువ్విలా ఏడిస్తే మీ నాన్న నిన్ను నా వెనకాలే పంపించేస్తాడు."